సొంత విమానం, సొంత బజర్

లాంగ్-ఈజీ అనే చిన్న విమానాన్ని నేల మీద ఆపి ఉంచినప్పుడు అది ముక్కు నేలకానించి మోకరిల్లినట్టు కనిపిస్తుంది. దాని ఇంజనూ ప్రొపెల్లరూ వెనకవైపు ఉంటాయి. పైలట్ దిగిపోతే బరువంతా వెనక్కి పడి విమానం తిరగబడే ప్రమాదం ఉంది కనక, ముందు చక్రాన్ని లోపలికి మడిచి ముక్కు మీద నిలబెడతారు. గాల్లోకి లేచాక ఆ చక్రాన్ని పైలట్ చేత్తోనే తిప్పి మడవాలి, దిగేముందు చేత్తోనే దించాలి. మరిచిపోతే ముక్కు రన్‌వేకి గీసుకుపోతుంది. ఇక పైనున్న పారదర్శకమైన మూత, అంటే కనోపీ, పక్కకు తెరుచుకునే రకం. దాని గొళ్ళెం పూర్తిగా పడకుండానే టేకాఫ్‌కి పరిగెత్తితే అది గాల్లో తెరుచుకుంటుంది. మొదటి మరుపు జేబుకు చిల్లు. రెండోది ప్రాణం మీదికి వస్తుంది.

బర్ట్ రూటన్ రూపొందించిన ఈ విమానం కాలిఫోర్నియాలోని మొహావీలో 1979లో మొదట ఎగిరింది. ఆ తరవాత రూటన్ ఇంట్లో కట్టుకునేవాళ్ళకు ప్లాన్లు అమ్మాడు. ఈ రెండు మరుపులకూ ఆ ప్లాన్లలోనే విరుగుడు చూపించాడు: కొన్ని చిన్న స్విచ్చులు, ఒక బజర్. థ్రాటిల్ బాగా వెనక్కి లాగి ఉండి చక్రం ఇంకా మడిచే ఉంటే బజర్ మోగుతుంది. థ్రాటిల్ ముందుకు తోసి ఉండి కనోపీ గొళ్ళెం పడకపోయినా మోగుతుంది. చిప్పు లేదు, కోడ్ లేదు. రెండు స్విచ్చులు ఒకేసారి కలిస్తే కరెంటు పారుతుంది, అంతే.

ఇప్పుడు అదే విమానాన్ని కడుతున్న మనిషి ముందు కొన్ని వందల రూపాయలకు దొరికే మైక్రోకంట్రోలర్ ఉంది. ఇటలీలోని ఇవ్రేయాలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు పుణ్యమా అని ఎలక్ట్రానిక్స్ చదవనివాడు కూడా ఒక సాయంత్రం కూర్చుంటే ఎల్‌ఈడీ వెలిగించగలుగుతున్నాడు. చక్రం, కనోపీతో పాటు ఆయిల్ ప్రెషరు, వోల్టేజి, ఇంధనం, కార్బన్ మోనాక్సైడ్ అన్నిటినీ అదే చిప్పు కనిపెట్టుకుని ఉండేలా చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయొచ్చు. చేయాలా అన్నదాని మీదే కట్టేవాళ్ళలో రెండు పక్షాలున్నాయి. రెండింటి దగ్గరా గట్టి మాటలే ఉన్నాయి.

చట్టం అడ్డు చెప్పదు. అమెరికాలో విమానం పనిలో ఎక్కువ భాగాన్ని తన చదువు కోసమో సరదా కోసమో స్వయంగా చేసుకున్నవాళ్ళకు ‘ఎక్స్‌పెరిమెంటల్’ వర్గం కింద ఎగిరే అనుమతి ఇస్తారు. వాడుకలో 51 శాతం నియమం అనేది ఇదే. ఎక్కే చోట ఆ మాటను కనీసం రెండంగుళాల అక్షరాలతో రాయాలి. మామూలు విమానాల భద్రతా నియమాలకు ఇది లోబడి లేదని ప్రయాణికుడికి కనపడేలా ఇంకో పలక తగిలించాలి. ఇంజను, ప్రొపెల్లర్ల జోడీని బట్టి మొదటి 25 గంటలో 40 గంటలో ప్రయాణికులు లేకుండా పరీక్షగా ఎగరడం మామూలు పద్ధతి. ఆ గడపలు దాటాక బజర్ వెనక ఏ చిప్పు ఉందో, అందులో కోడ్ ఎవరు రాశారో అడిగేవాళ్ళు లేరు. మన దేశంలో ఇలా కట్టుకోవడమే అరుదు. ముంబైలో డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కు, దాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో లోకమంతా చూశాక కూడా, ఎగరడానికి పర్మిట్ చేతికొచ్చేసరికి 2019 అయింది.

పెద్ద విమానాల సాఫ్ట్‌వేరుకు డీఓ-178 అనే ప్రమాణం ఉంటుంది. హైదరాబాదులో ఏవియానిక్స్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళకు ఆ పేరు చెబితే చాలు, ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ప్రతి అవసరానికీ ఒక పరీక్ష, ప్రతి మార్పుకీ ఒక కాగితం. అన్నిటికన్నా కీలకమైన ‘ఏ’ స్థాయి కోడ్ అయితే, ఒక నిర్ణయంలోని ప్రతి షరతూ తనంతట తానే ఫలితాన్ని మార్చగలదని విడివిడిగా రుజువు చేయాలి. గారేజీలో కట్టేవాడికి ఇదేమీ లేదు. శనివారం రాత్రి రాసిన కోడ్ ఆదివారం పొద్దున గాల్లో ఉండొచ్చు.

కట్టుకోవాలనేవాళ్ళ వాదన నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది వోల్టేజి హెచ్చరిక దగ్గర. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉన్న చిన్న విమానంలో ఆల్టర్నేటర్ సరిగా పనిచేస్తుంటే వైర్ల మీద దాదాపు 14 వోల్టులు ఉంటుంది. ఆల్టర్నేటర్ ఆగిపోతే ఏ మోతా రాదు, ఏ కుదుపూ ఉండదు. వోల్టేజి పన్నెండున్నరకు దిగి, బ్యాటరీ కరిగేకొద్దీ మెల్లగా ఇంకా పడిపోతుంది. ముల్లు కదలడం పైలట్ గమనించేటప్పటికి బ్యాటరీలో సగం పోయి ఉండొచ్చు. మాగ్నెటోలతో నడిచే పాత ఇంజన్లకు బ్యాటరీ లేకపోయినా నిప్పురవ్వ అందుతుంది. కానీ ఇంట్లో కట్టుకున్న విమానాల్లో ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు మామూలైపోయాయి. అలాంటి విమానంలో బ్యాటరీ అయిపోవడమంటే ఇంజను ఆగిపోవడమే. ఈ రంగంలో తలపండిన బాబ్ నకల్స్ తన ‘ఏరోఎలక్ట్రిక్ కనెక్షన్’ పుస్తకంలో, 13 వోల్టుల కిందికి పడగానే పైలట్ కంట్లో పొడిచేలా ఒక దీపం మిణకాలని పట్టుబట్టింది ఇందుకే.

ఆ దీపాన్ని రెండు వోల్టేజిలను పోల్చే మామూలు కంపారేటర్ చిప్పుతోనూ వెలిగించవచ్చు. దశాబ్దాలుగా వెలిగిస్తున్నారు. అయితే రన్‌వే వైపు మెల్లగా కదులుతున్నప్పుడు ఇంజను నిదానంగా తిరుగుతుంది, దీపాలూ రేడియోలూ కరెంటు లాగుతుంటాయి, వోల్టేజి 13కి అటూ ఇటూ ఊగుతుంది. దీపం ప్రతిసారీ మిణుకుతుంది. వారం తిరిగేసరికి పైలట్ దాన్ని చూడ్డం మానేస్తాడు. ‘నాన్నా పులి’ కథకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మైక్రోకంట్రోలర్ అయితే పది సెకన్లు ఆగి చూస్తుంది. ఒకసారి వెలిగించాక 13.3 దాటితేగాని ఆర్పదు. ఇంజను నెమ్మదిగా ఉన్నంతసేపూ దీపంతో సరిపెట్టి, వేగం పెరిగాక కూడా వోల్టేజి రాకపోతే అప్పుడు చెవిలో మోగుతుంది. పన్నెండుకు పడితే మోత మారుస్తుంది. ఇదంతా ఓ ఇరవై వరుసల కోడ్. కంపారేటర్‌తో కూడా ఆలస్యం పెట్టొచ్చు గానీ, ఒక అంకె మార్చాలంటే ప్రతిసారీ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాలి.

ఇంధనం సంగతీ అంతే. ట్యాంకులో పెట్రోలు నిలకడగా ఉండదు. విమానం ఒరిగినప్పుడల్లా ఒక మూలకు పోతుంది. ఒక్క క్షణపు కొలత చూసి అరిచే సర్క్యూటు ప్రతి మలుపులోనూ అరుస్తుంది. అర నిమిషం పాటు సగటు తీసి, అది కిందికి జారుతోందా లేదా చూసి, అప్పుడు మాట్లాడే సర్క్యూటు కావాలంటే కాలాన్ని గుర్తుపెట్టుకునే చిప్పు కావాలి. రూటన్ స్విచ్చులు ఆ పని చేయలేవు.

పైగా కొనుక్కుంటే తన విమానానికి అతికినట్టు సరిపోయేది దొరకదు, కట్టుకుంటే దొరుకుతుంది. లాంగ్-ఈజీలు బయట వందల సంఖ్యలో తిరుగుతున్నా ఏ రెండూ ఒక్కలా ఉండవు. థ్రాటిల్ పక్కన చోటు ఎంతుందో, కనోపీ గొళ్ళెం ఏ వైపు తిరుగుతుందో కట్టినవాడికే తెలుసు. ఇంకో లాభం ఉంది. అది చట్టంలోనే రాసి ఉంది: చదువు. వైరు దారిని తానే గీసి, తానే సోల్డర్ చేసి, తానే తప్పు పట్టుకున్న పైలట్, గాల్లో ఒక దీపం వెలగ్గానే దాని వెనక ఏం జరుగుతోందో ఊహించగలడు. దుకాణంలో కొన్న పెట్టె ఆ జ్ఞానం ఇవ్వదు.

ధ్రువీకరణ ఉన్న పరికరమంటే తప్పులేనిదని కాదు అని కూడా వీళ్ళు గుర్తుచేస్తారు. నిజమే. 2015లో బోయింగ్ 787 గురించి అమెరికా విమానయాన శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. కరెంటు ఆపకుండా 248 రోజులు నడిపితే జనరేటర్ల నియంత్రణ యూనిట్లలో లెక్కపెట్టే అంకె నిండిపోయి అన్నీ ఒకేసారి ఆగిపోవచ్చని దాని సారం. సెకనులో నూరోవంతులను 31 బిట్లలో లెక్కపెడితే సరిగ్గా అన్ని రోజులకే నిండుతుంది. కాలేజీ కుర్రాడు చేసే పొరపాటు, ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టమైన తనిఖీని దాటుకుని వెళ్ళింది. 737 మ్యాక్స్‌లో రెండు యాంగిల్ ఆఫ్ ఎటాక్ సెన్సర్ల కొలతలకు పొంతన కుదరనప్పుడు వెలగాల్సిన హెచ్చరిక, డబ్బు కట్టి తీసుకునే ఇంకో సూచికకు ముడిపడిపోవడంతో చాలా విమానాల్లో పనే చేయలేదు. ఇంట్లో కట్టేవాళ్ళ ప్రపంచంలో పుట్టిన సామాను పెద్దింటికి వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. డైనాన్ కంపెనీ ఎక్స్‌పెరిమెంటల్ విమానాల కోసం చేసిన, పైలట్‌కు కొలతలు చూపించే డీ10ఏ తెరను ధ్రువీకరణ ఉన్న కొన్ని పాత విమానాల్లోనూ పెట్టుకోవడానికి, అభిరుచి విమానాల సంఘమైన ఈఏఏ 2016లో అనుమతి సంపాదించింది. 1953లో పాల్ పొబరెజ్నీ మొదలుపెట్టిన ఆ సంఘం చరిత్రంతా ఇలాంటి ముందడుగులే.

ఇక వద్దనేవాళ్ళ మాట. వీళ్ళు మొదట చూపించేది విమానపు వైర్లు ఎంత మురికిగా ఉంటాయో. బల్ల మీద యూఎస్‌బీ కరెంటుతో చక్కగా నడిచిన బోర్డు, విమానంలో స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజి సగానికి పడిపోవడం చూస్తుంది. ఏదో ఒక రిలే వదిలినప్పుడల్లా దాని చుట్టలోంచి పొడుచుకొచ్చే పోటు చూస్తుంది. ఆల్టర్నేటర్ నిండుగా కరెంటు ఇస్తుండగా బ్యాటరీ కనెక్షన్ ఊడితే ఇంకా పెద్ద పోటు. రిలేకు అడ్డంగా ఒక డయోడ్, ముందు ఒక ఫ్యూజు, పోట్లను మింగే ఇంకో డయోడ్, ఓపిక గల రెగ్యులేటర్ పెడితే వీటిలో చాలావాటికి జవాబు దొరుకుతుంది. ఆ జాగ్రత్తలు తెలిసినవాళ్ళు పెడతారు. ఆర్డుయినో మొదటి పాఠంలో అవి ఉండవు.

లాంగ్-ఈజీలో ఇంకో చిక్కుంది. అది అల్యూమినియం విమానం కాదు, ఫోమ్ మీద ఫైబర్‌గ్లాసు పొరలు అంటించి చేసినది. రేడియో యాంటెన్నాలు కూడా రాగి రేకులుగా ఆ పొరల్లోపలే పొదిగి ఉంటాయి. లోహపు చర్మం లేకపోవడంతో రేడియోకీ లోపలి వైర్లకీ మధ్య అడ్డమేమీ ఉండదు. పైలట్ మాట్లాడటానికి బటన్ నొక్కగానే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య కొన్ని వాట్ల శక్తి బయటికొస్తుంది. కనోపీ స్విచ్చుకు వెళ్ళే రెండు మీటర్ల వైరు దానికి ఇంకో యాంటెన్నా. టవర్‌తో మాట్లాడినప్పుడల్లా బజర్ చిర్రుమంటుంది. షీల్డు ఉన్న వైరు, చిప్పు కాలి పక్కనే చిన్న కెపాసిటర్, ఫెరైట్ పూస వేస్తే తగ్గుతుంది. ఇది అందరికీ అయ్యేదే, పరిష్కారం ఉన్నదే. కానీ ఆ పరిష్కారం దొరికే లోపల పైలట్ చేసే పని ఏమిటంటే, బజర్ ఫ్యూజు పీకేయడం.

కోడ్‌లో దాగి ఉండే తప్పుల గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఆర్డుయినో ఊనోలో ఉండే ఏటీమెగా328 మీద ‘ఇంట్’ అని రాస్తే అది 16 బిట్లే. అందులో పట్టే పెద్ద అంకె 32,767. గడిచిన మిల్లీసెకన్లను అందులో దాచుకుంటే 33 సెకన్లు నిండకుండానే అంకె రుణాత్మకంగా మారుతుంది. ఇంధనం తక్కువై నలభై సెకన్లు దాటితే మోగాలి అని రాసిన షరతు ఎప్పటికీ నిజం కాదు. బల్ల మీద ఐదు సెకన్లు పెట్టి పరీక్షించినవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అదే చిప్పులో కొలతకు ఆధారంగా వాడే 1.1 వోల్టుల లోపలి రిఫరెన్సు చిప్పును బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చని తయారీదారు పత్రమే చెబుతుంది. అంటే ఎవరిదో కోడ్ తెచ్చి తన చిప్పుకు సరిచూసుకోకుండా ఎక్కిస్తే, 13.0 దగ్గర వెలగాల్సిన దీపం 11.8 దగ్గర వెలగొచ్చు, 14.2 దగ్గరా వెలగొచ్చు. మొదటి రకంలో వెలిగేసరికి బ్యాటరీ అయిపోవచ్చి ఉంటుంది. రెండో రకంలో ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మంచి మల్టీమీటర్ పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూస్తే తీరే సమస్య ఇది, చూడాలని తెలిస్తే.

కానీ వద్దనేవాళ్ళ అసలు బలం వైర్లలోనూ లేదు, బిట్లలోనూ లేదు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు బజర్ మోగదు. బజరే చచ్చిపోయినా మోగదు. సీట్లో కూర్చున్నవాడికి రెండూ ఒకటే నిశ్శబ్దం.

1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ 255వ నంబరు విమానం ఫ్లాప్స్ దించకుండానే టేకాఫ్‌కి పరిగెత్తింది. అది ఎండీ-82, అన్ని ధ్రువీకరణలూ ఉన్న జెట్. ఫ్లాప్స్ సరిగా లేకుండా థ్రాటిల్ తోస్తే గట్టిగా హెచ్చరించే వ్యవస్థ అందులో ఉంది. ఆ రోజు దానికి కరెంటు అందలేదు. ఎందుకు అందలేదో దర్యాప్తులో తేలలేదు. సిబ్బంది చెక్‌లిస్టు పూర్తిచేయలేదు, యంత్రం చెప్పలేదు, 156 మంది పోయారు. 2008లో మాడ్రిడ్‌లో స్పానెయిర్ విమానం దాదాపు ఇదే దారిలో, ఇదే కుటుంబపు జెట్‌లో, మూగబోయిన ఇదే హెచ్చరికతో కూలి 154 మందిని తీసుకుపోయింది. రూటన్ కనోపీ బజర్ చేసే పని కూడా చిన్న ఎత్తున ఇదే: మనిషి చూడ్డం మరిచిపోతే గుర్తుచేయడం. అది ఉందన్న ధైర్యంతో మనిషి చూడ్డమే తగ్గిస్తే, బజర్ లేని విమానం కన్నా ఉన్న విమానమే ప్రమాదకరమవుతుంది. ఈ వాదనకు నేను ఎంత వెతికినా పూర్తి జవాబు దొరకలేదు. సగం జవాబే ఉంది.

ఆ సగం జవాబు పరీక్ష. చిప్పు లేవగానే దీపాలన్నీ ఓసారి వెలిగించి బజర్ ఓసారి మోగించడం చాలామంది చేస్తారు. దానివల్ల చిప్పూ బజరూ బతికున్నాయని తెలుస్తుంది గానీ, కనోపీ స్విచ్చు ఊడిపోయిందో లేదో తెలియదు. చిప్పులో ఉండే వాచ్‌డాగ్ టైమరు, ప్రోగ్రాము ఎక్కడైనా చిక్కుకుంటే దాన్ని మళ్ళీ మొదలుపెడుతుంది. తెగిన వైరు సంగతి దానికీ తెలియదు. అందుకని ఇంజను వేయకముందే కనోపీ తెరిచి ఉంచి థ్రాటిల్ ముందుకు తోయాలి, బజర్ వినాలి, వెనక్కి లాగాలి. అప్పుడు వైరు చివరి నుంచి చెవి దాకా దారంతా పరీక్షించినట్టు. స్విచ్చును కూడా గొళ్ళెం పడినప్పుడు కరెంటు పారేలా, వైరు తెగితే కనోపీ తెరిచినట్టే లెక్కపడేలా కలపాలి. తెగిన వైరు అప్పుడు మూగగా ఉండదు, అరుస్తుంది. చిప్పు ఉన్నా లేకపోయినా ఈ పద్ధతి మంచిదే. నిజానికి ఇది చిప్పు మీద పడే మార్కు కాదు, కట్టినవాడి మీద పడే మార్కు.

చిప్పు చవక కావడం వల్ల వచ్చే ఇంకో జబ్బుంది. ఎనిమిది కాళ్ళు ఖాళీగా కనిపిస్తే ఎనిమిది హెచ్చరికలు పెట్టాలనిపిస్తుంది. రెండు కూతలైతే వోల్టేజి, మూడైతే ఆయిల్, ఒక పొడుగు ఒక పొట్టి అయితే కార్బన్ మోనాక్సైడ్. రాసినవాడికి రాసిన రోజు గుర్తుంటుంది. 2005 ఆగస్టు 14న హీలియోస్ 522 విమానంలో క్యాబిన్‌లో గాలి పలచబడుతోందని చెప్పే హారన్ మోగింది. 737లో అదే హారన్ నేల మీద ఉన్నప్పుడు టేకాఫ్ అమరిక తప్పని చెప్పడానికీ మోగుతుంది. సిబ్బంది రెండోదనుకున్నారు. స్పృహ తప్పేదాకా ఆ తప్పు దిద్దుకోలేకపోయారు. విమానంలో ఉన్న 121 మందీ చనిపోయారు. అనుభవమున్న ఎయిర్‌లైన్ పైలట్లే ఒక మోతకు రెండు అర్థాల దగ్గర తడబడితే, వారానికోసారి ఎగిరే మనిషికి ఎనిమిది అర్థాలు అప్పగించడం దయ కాదు. రూటన్ బజర్‌కూ రెండు అర్థాలున్నాయి కదా అంటే, ఉన్నాయి. కానీ ఒకటి థ్రాటిల్ ముందుంటేనే, ఇంకొకటి వెనకుంటేనే. చెయ్యి ఎక్కడుందో దాన్నిబట్టే అర్థం తెలుస్తుంది. ఆ పొదుపు నాకు చాలా ఇష్టం.

మోగినా వినపడాలి మరి. చుట్టూ మోతను మింగేసే హెడ్‌సెట్లు పెట్టుకున్న చెవులకు డాష్‌బోర్డు వెనక కూసే బజర్ దోమ పాట. మోతను ఇంటర్‌కమ్‌లోకి పంపాలి. పారదర్శకమైన మూత కింద మిట్టమధ్యాహ్నపు ఎండలో మామూలు ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో తెలియదు. కాస్త ప్రకాశవంతమైనది పెడితే రాత్రి కళ్ళు చెదురుతాయి, మందగించే ఏర్పాటు ఉండాలి. కోడ్ గురించి రాత్రంతా చర్చించేవాళ్ళు ఈ సంగతి ఎగరేదాకా ఆలోచించరు.

హెచ్చరికతో తీరని చోట్లూ ఉన్నాయి. 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటరే బే దగ్గర సముద్రంలో కూలి చనిపోయింది లాంగ్-ఈజీలోనే. దాన్ని కట్టినవాళ్ళు ఇంధనం ట్యాంకులు మార్చే పిడిని ప్లాన్‌లో చూపినచోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. ట్యాంకుల్లో ఇంధనం ఎంతుందో చూపే సూచికల మీద కొలతల గుర్తులు లేవు. డెన్వర్ బయల్దేరేముందు ఇంధనం పోయించుకోలేదు. పిడి కోసం వెనక్కి తిరుగుతూ కుడి రడర్‌ను నొక్కేసి అదుపు తప్పించుకున్నాడని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ రోజు ఆ విమానంలో ఇంధనం తక్కువని కూసే బజర్ ఉంటే ఏమయ్యేది? బహుశా ఇంకాస్త ముందే, ఇంకాస్త ఎత్తులో, వెనక్కి తిరిగేవాడు. లాభమే కావచ్చు. కానీ మందు ఆ పిడిని చేతికందే చోట పెట్టడం. కనోపీ విషయంలో రూటన్ బజర్‌తో ఆగకుండా, గొళ్ళెం జారినా మూత కొద్దిగా లేచి ఆగిపోయేలా రెండో కొక్కెం కూడా పెట్టించాడు. ఆ కొక్కేనికి కరెంటు అక్కర్లేదు. సర్క్యూటు గీయడానికి కూర్చునే ముందు కొక్కెంతో పని జరుగుతుందేమో చూడమని ఎవరైనా చెబితే, ఆ ఒక్క మాటతో సగం సర్క్యూట్లు అక్కడే ఆగిపోతాయి.

రెండు పక్షాలవాళ్ళూ తక్కువగా ప్రస్తావించే మనుషులు కొందరున్నారు: విమానాన్ని తరవాత కొనేవాళ్ళు. ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టిన విమానాల భద్రత మీద పెద్ద అధ్యయనం చేసింది. అమెరికాలో చిన్న విమానాల్లో ఇవి పదో వంతుకు కొంచెం తక్కువే గానీ, 2011లో ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో వీటి వాటా 21 శాతం. ఇంజను ఆగిపోవడం, గాల్లో అదుపు తప్పడం ముఖ్య కారణాలు. కొత్తగా కట్టిన విమానం మొదటి ప్రయాణమే కాదు, పాతదాన్ని కొన్నవాళ్ళ మొదటి ప్రయాణం కూడా ప్రమాదాల గూడని అందులో తేలింది. కట్టినవాళ్ళకు ఆ ఒక్క విమానానికి రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు, ఏటా తనిఖీ తామే చేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ విమానంతో పాటు చేతులు మారదు. కొన్నవాళ్ళు మామూలుగా మెకానిక్ దగ్గరికి పోతారు. ఆ మెకానిక్‌కు రివెట్లు తెలుసు, మాగ్నెటోలు తెలుసు. ప్యానెల్ వెనక వేడి జిగురుతో అంటించి ఉన్న పచ్చబోర్డు ఏమిటో తెలియదు. రూటన్ స్విచ్చుల దారిని ఎవరైనా అరగంటలో వైరు పట్టుకుని వెతికి అర్థం చేసుకోగలరు. చిప్పులోంచి కోడ్‌ను బయటికి తీసినా అందులో రాసినవాడి ఉద్దేశం రాదు. రాసినవాడు ఫోనెత్తకపోవచ్చు. అసలు ఉండకపోవచ్చు.

ఇవన్నీ తూకం వేస్తే నా మొగ్గు ఇలా ఉంది. కనోపీ, చక్రం లాంటి అవును-కాదు ప్రశ్నలకు చిప్పు అక్కర్లేదు. రూటన్ చేసినట్టు స్విచ్చులతోనే ముగించాలి, వాటి పక్కన చిప్పు పెట్టినా వాటి దారిలోకి దాన్ని రానివ్వకూడదు. కాలంతో ముడిపడ్డవి, అంటే వోల్టేజి, ఇంధనం, ఇంజను వేగాన్ని బట్టి అర్థం మారేవి, చిప్పు బాగా చేస్తుంది. అలాంటివి మూడు మించకుండా ఉంటే కట్టుకోమనే అంటాను. చిప్పు హెచ్చరించాలి తప్ప దేన్నీ నడపకూడదు. పంపు ఆపడం, ఇగ్నిషన్ మార్చడం దాని చేతికివ్వకూడదు. దానికి సొంత ఫ్యూజు, విప్పడానికి ఒకే కనెక్టరు ఉండాలి. ఆ కనెక్టరు ఊడదీసినా విమానం ఎగరడంలో ఏ తేడా రాకూడదు.

ఇంట్లో కట్టుకునే వ్యాన్స్ ఆర్‌వీ లాంటి విమానంలో ఈ రోజు కొత్త తెర కొని బిగించేవాడికి నేను చెప్పేది వేరు. ఎక్స్‌పెరిమెంటల్ విమానాల కోసమే అమ్మే తెరల్లో వోల్టేజి, ఆయిల్, ఇంధనం హెచ్చరికలు ముందే ఉంటాయి. అవే తెరలు వేల కాక్‌పిట్లలో ఎగురుతున్నాయి కనక, తప్పుంటే ఎవరికో ఒకరికి ముందే దొరుకుతుంది. దాని పక్కన సొంత చిప్పు పెట్టుకోవడం సరదాకి సరే, భద్రతకంటే నేను ఒప్పుకోను. సూదుల మీటర్లే ఉన్న పాత విమానాల్లో మాత్రం, కరెంటు పోతోందని చెప్పే ఒక్క మంచి దీపం ఇప్పటికీ లోటే.

కట్టాక కోడ్‌ను అచ్చువేసి, వైర్ల పటంతో, ఏ అంకె ఏ చిప్పుకు సరిచూసిందో తేదీతో సహా విమానం లాగ్‌బుక్కులో కుట్టాలి. బోర్డు మీద కోడ్ వెర్షన్ రాసిన చీటీ అంటించాలి. కోడ్‌లో ఒక్క వరుస మారినా, నేల మీద చేసే పరీక్ష మొదటి నుంచీ మళ్ళీ చేసి లాగ్‌లో రాయాలి. ఈ పనికి ఒక వారాంతం పడుతుంది. దానికి ఓపిక లేదనుకునేవాళ్ళు రూటన్ ప్లాన్ ప్రకారం స్విచ్చులు బిగించుకుని మిగతా డబ్బుతో పెట్రోలు పోయించుకోవడం మేలు.